డౌలైస్ కొలుములు ఆరడానికి కారకులెవరు?

కొలిమి: వేల్స్‌లో మెర్థిర్ టిడ్‌ఫిల్‌ను ఆనుకొని ఉన్న డౌలైస్ గ్రామంలో 1759లో మొదలైన ఇనుప కర్మాగారం, 1845 నాటికి 18 బ్లాస్ట్ ఫర్నేసులతో (ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే కొలుములతో) ప్రపంచంలోనే అతిపెద్దదిగా ఎదిగి, 1930లో చాలావరకు మూతపడింది. యజమానుల దురాశే కారణమని ఇక్కడ చాలామంది రాస్తున్నారు. నన్నడిగితే అసలు దోషి భాస్వరం. అది ఎక్కువగా ఉన్న ఖనిజంతో కరిగిన ఇనుములోకి గాలి ఊది ఉక్కు చేసే బెస్సెమర్ పద్ధతిలో మంచి ఉక్కు రాదు. అందువల్లనే స్పెయిన్‌లోని బిల్బావో నుంచి ఖనిజాన్ని కార్డిఫ్ రేవుకు తెప్పించి, అక్కడి నుంచి రైలులో కొండమీదికి ఎక్కించవలసి వచ్చింది.

పాతపుటలు: ఆ సాకుకు 1878లోనే కాలం చెల్లింది. అదే దక్షిణ వేల్స్‌లోని బ్లెనావన్‌లో రసాయన శాస్త్రవేత్త గిల్‌క్రిస్ట్, లండన్ కోర్టు గుమాస్తా అయిన ఆయన బంధువు థామస్ కలిసి, కన్వర్టర్ (ఆ గాలి ఊదే పాత్ర) లోపల సున్నపు గుణమున్న పూత వేసి భాస్వరాన్ని వదిలించారు. అయినా డౌలైస్ యజమానులు 1891లో కార్డిఫ్ తీరాన కొత్త కర్మాగారం తెరిచారు.

రాజు_రామగుండం: 1891లోనే వదిలేసి ఉంటే 1930 వరకు ఎలా నడిచింది? 39 ఏళ్లండీ!

కొలిమి: థామస్ పద్ధతి వల్ల ఎక్కువగా లాభపడినది భాస్వరపు ఖనిజం గుట్టలుగా ఉన్న లొరేన్ (ఫ్రాన్స్, జర్మనీల సరిహద్దు ప్రాంతం). రేవు పక్కన దించుకోగల సరుకును కొండెక్కించే వ్యాపారి ఎవరు?

పాతపుటలు: మా నాన్న 22 ఏళ్లు పనిచేసిన నూలు మిల్లు మూతపడిన రోజు కూడా ఇలాంటి లెక్కే చెప్పారు. గేటుకు అంటించిన నోటీసును ఆయనకు చదివి వినిపించింది ఎనిమిదో తరగతి చదువుతున్న నేను. అందులో పత్తి ధర ఉంది, మనుషుల ఊసే లేదు.

కొలిమి: మీ ఇంటి బాధకు సానుభూతి ఉంది గాని, అది డౌలైస్‌కు సాక్ష్యం కాజాలదు. వాదన నిలవనప్పుడు కన్నీళ్లు తేవడం సబబు కాదు.

పాతపుటలు: ఆ మాట వెనక్కి తీసుకోండి. భాస్వరం సంగతి ఒప్పుకుంటాను. 1936 నవంబరులో బ్రిటన్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్ ఆ శిథిలాలను చూసి ఏదో ఒకటి చేయాలన్నాడు, నెల తిరగకముందే సింహాసనం వదిలాడు. నేనడిగేది ఒక్కటే: 170 ఏళ్లు చాకిరీ చేసిన ఊరికి కంపెనీ బాకీ పడలేదా?

కొలిమి: కన్నీళ్ల మాట వెనక్కి తీసుకుంటున్నాను. బాకీ ఉన్నదే, కాని అది ప్రభుత్వం తీర్చవలసినది. కంపెనీ కూలి ఇచ్చింది.

పాతపుటలు: కూలితో చెల్లిపోయిందంటే నేను ఒప్పుకోను.

రాజు_రామగుండం: నా 39 ఏళ్లకు ఇంకా జవాబు రాలేదు.