చర్మంలోంచి దారాలు వస్తాయంటున్న జబ్బు: కారణాలు ఏమై ఉండొచ్చు? తెలిసినవాళ్లు చెప్పండి

పాణ్యం_ప్రశ్న:
మార్గెలాన్స్ అనే పేరు ఈమధ్య మనవైపు కూడా వినిపిస్తోంది. ఒళ్లంతా పురుగులు పాకినట్టు దురద, మానని పుండ్లు, వాటిలో నీలం, ఎరుపు, తెలుపు దారాలు. అసలు జబ్బే లేదని కొందరు, ఉందని కొందరు. నాలుగు సంగతులు తేలాలి. కారణం ఏమై ఉండొచ్చు, ఏ పరీక్షలు చేయించాలి, బోరునీళ్ల పాత్ర ఏమైనా ఉందా, ఇంట్లో పిల్లలకు అంటుకుంటుందా?

ఉరవకొండ_సేద్యం:
దారాల సంగతి తర్వాత, ముందు గట్ల మీద వయ్యారిభామ కలుపు ఉందేమో చూడండి. పువ్వుకొచ్చినప్పుడు దాని పొడి గాల్లో తేలి కనురెప్పలు, మెడ, మోచేతి మడతల్లో పడుతుంది. చర్మం మందమై, నల్లబడి, రాత్రంతా గోకుడే. ఎండ వల్ల వచ్చేదానికీ దీనికీ తేడా ఒక్కటి చూస్తే చాలు. ఎండ దద్దు గడ్డం కింద, చెవుల వెనక నీడపట్టున రాదు. వయ్యారిభామ దద్దు అక్కడ కూడా వస్తుంది. పూత రాకముందే పీకాలి, చేతికి తొడుగు లేకుండా ముట్టకూడదు. పీకలేనంత ఉంటే లీటరు నీటికి 200 గ్రాముల కల్లుప్పు కలిపి ఎండపొద్దున ఆకు తడిసేలా కొట్టండి. బీడులో, బాట పక్కన మాత్రమే. పంట చేలో ఉప్పు కొడితే నేల పాడవుతుంది.

మందుల_అంగడి_కడప:
మనవైపు మానని దురదకు మొదటి కారణం పురుగూ కాదు, దారమూ కాదు. మూడు మందులు కలిపిన ట్యూబు. క్లోబెటసాల్ స్టీరాయిడు, దానికి తోడు ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్. తామర మీద అది రాస్తే రెండు రోజుల్లో ఎరుపు, దురద తగ్గుతాయి, ఫంగస్ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. గుండ్రటి అంచు చెరిగిపోతుంది కాబట్టి తర్వాత చూసిన డాక్టరుకు అది తామరలా కనబడదు. ట్యూబు ఆపితే మంట ఎగదన్నుతుంది, మళ్లీ అదే ట్యూబు కొంటారు. స్టీరాయిడు క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన బిగించింది. అయినా అంగట్లో పేరు చెప్పి అడిగితే ఇచ్చేస్తున్నారు.

ఇంకోటి. ఇప్పటి తామర చాలాచోట్ల ఫంగస్ మందు టెర్బినాఫిన్‌కు లొంగడం లేదు. డాక్టరు ఇట్రాకొనజోల్ గొట్టం మాత్రలు (క్యాప్సూల్స్) రాసిస్తే అన్నం తిన్న వెంటనే మింగాలి. పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకొని దాని మీద ఇది మింగితే ఒంటికి పట్టదు. మందు పనిచేయలేదని తిట్టేవాళ్లలో సగం మంది చేసేది ఇదే.

ల్యాబ్_బల్ల_నంద్యాల:
అడిగినాయన తామర గురించి అడగలేదండీ, దారాల గురించి అడిగారు. దానికి గట్టి అధ్యయనం ఒకటుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ ఉత్తర కాలిఫోర్నియాలో 115 మందిని పరిశీలించి 2012 జనవరిలో ప్రచురించింది. అంటువ్యాధి క్రిమి ఏదీ తేలలేదు. పుండ్లలోంచి తీసిన పోగుల్లో ఎక్కువ భాగం సెల్యులోజ్, అంటే నూలు బట్టల నుంచి వచ్చినవే. చర్మం ముక్కల్లో కనిపించింది గోకుడు వల్ల, పురుగు కాటు వల్ల ఏర్పడే మార్పులు, ఎండకు పాడైన చర్మం.

నూలు పుండులోకి ఎలా పోతుందంటే: గోకిన చోట రసి ఊరుతుంది, బట్ట దానికి అంటుకుంటుంది, పక్కు కడుతున్నప్పుడు పోగు దాని మధ్యలో చిక్కుకుంటుంది. తర్వాత పట్టుకొని లాగితే లోపల్నుంచి వచ్చినట్టే ఉంటుంది. పోగు దొరకడం అబద్ధం కాదు. ఎక్కడిది అన్నదే ప్రశ్న.

తేలాల్సిందే_ప్రొద్దుటూరు:
ఈ 115 మంది లెక్క ప్రతి చర్చలోనూ వస్తుంది, చదివి చదివి విసుగొచ్చింది. ఒకే ప్రాంతం, ఒకే ఆసుపత్రుల గుంపులో సభ్యులు. దాంతో ప్రపంచమంతటికీ తీర్పు చెప్పేస్తారా? 2015లో వేరే పరిశోధకులు 25 మందిని చూస్తే 24 మందిలో బొరేలియా, అంటే గోమార్లు మోసే లైమ్ జబ్బు క్రిమి ఆనవాళ్లు కనిపించాయి. ఆ పోగులు కెరాటిన్, కొల్లాజెన్ (వెంట్రుకలో, చర్మంలో ఉండే ప్రొటీన్లు) అని, చర్మంలోనే పుడతాయని వాళ్లే రాశారు. ఇంకోటి, నల్లలైటు (అతినీలలోహిత దీపం) కింద ఆ దారాలు నీలంగా మెరుస్తాయి. మామూలు దూది మెరుస్తుందా? చెప్పండి చూద్దాం. రోగిని "నీ మనసులోదే" అని పంపేయడం కన్నా సులువైన పని లేదు.

జిన్నింగ్_ఆదోని:
మెరుస్తాదక్కా. బట్టల సబ్బు పొడిలో తెల్లగా కనపడేందుకు ఒక మందు కలుపుతారు. అది నల్లలైటును పీల్చి నీలం వెలుగు ఇస్తాది. ఒక్కసారి ఉతికిన తువ్వాలయినా చాలు, పోగుపోగుకూ పడతాది. మిల్లులో గింజ తీసిన దూది ఒక చిటికెడు, ఉతికిన బనీను నుంచి ఒక చిటికెడు పక్కపక్కన పెట్టి చూడు. ముడి దూది మసకగా ఉంటాది, బనీను పోగు ధగధగ మెరుస్తాది.

తేలాల్సిందే_ప్రొద్దుటూరు:
మీ మిల్లు దూదికీ మనిషి చర్మానికీ ఏం పోలిక? ఎరుపు పోగులు కూడా ఉన్నాయి. వాటికి కూడా సబ్బు పొడే రంగు వేసిందా?

జిన్నింగ్_ఆదోని:
ఎరుపు అద్దకం రంగు. ఇంట్లో దుప్పట్లు, లుంగీలు, నైటీలు ఏ రంగులో ఉంటే ఆ రంగు పోగులే గాల్లో తిరుగుతాయి. పొద్దున కిటికీలోంచి ఎండ పడేటప్పుడు చూడు, కనపడతాయి.

చర్మం_వార్డు_కర్నూలు:
నల్లలైటును నమ్మి ఏదీ తేల్చకండి. శోభిమచ్చ పసుపుగా మెరుస్తుంది, చంకల్లో వచ్చే ఎరిత్రాస్మా పగడపు ఎరుపుగా మెరుస్తుంది, మనవైపు మామూలు తామర అసలు మెరవనే మెరవదు. మెరిసిందల్లా జబ్బు కాదు, మెరవనిదల్లా ఆరోగ్యమూ కాదు.

ల్యాబ్_బల్ల_నంద్యాల:
పోగులు చూడటం నా రోజువారీ పని కాబట్టి ఈ ఒక్క విషయం నాకు వదిలేయండి. వాదన అక్కర్లేదు, పరీక్ష ఉంది. గాజు పలక మీద ఒక చుక్క నీళ్లు, అందులో పోగు, పైన పల్చటి గాజు మూత. వంద రెట్లు పెంచి చూడండి. నూలు చదునైన పట్టీలా ఉండి, అక్కడక్కడా మెలి తిరిగి ఉంటుంది. పాలిస్టర్ మెలిక లేకుండా నున్నగా, మొదటి నుంచి చివరిదాకా ఒకే లావు. ఉన్నికి పొలుసులుంటాయి.

తర్వాత బ్లీచు. కొత్త సీసాలోని సోడియం హైపోక్లోరైట్ ద్రావకం, 5 శాతం దగ్గరది, ఒక చుక్క. కెరాటిన్ అయితే బుడగలు వచ్చి పది ఇరవై నిమిషాల్లో కరగడం మొదలవుతుంది. నూలు, పాలిస్టర్ అలాగే ఉంటాయి. పక్కనే మనిషి వెంట్రుక ఒకటి, ఉతికిన దూది పోగు ఒకటి పెట్టి అదే చుక్క వేయాలి. ఈ రెండూ లేకుండా చేస్తే ఫలితానికి విలువ లేదు, పాత బ్లీచు చచ్చిపోయి ఉంటే వెంట్రుక కూడా కరగదు. పలక మీదే చేయాలి, ఒంటి మీద చుక్క కూడా పడకూడదు. బాత్రూం యాసిడ్ దరిదాపుల్లో ఉండకూడదు, కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.

మగ్గం_ధర్మవరం:
ఒక మాట. పట్టు కూడా బ్లీచులో కరుగుతుంది. మా ఊర్లో మగ్గాలున్న ఇంట్లో పట్టు నూగు ప్రతి దాని మీదా ఉంటుంది. అది కరిగింది కాబట్టి చర్మంలో పుట్టిందనేస్తే తప్పు. కాల్చి చూడటం కూడా ఇక్కడ చాలదు. పట్టు, వెంట్రుక రెండూ కమురు వాసనే కొడతాయి, రెండూ నలిపితే పొడి అవుతాయి. నూలు కాగితం కాలిన వాసన కొట్టి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి గుండు కడుతుంది. పట్టు, వెంట్రుక వేరుచేయాలంటే సూక్ష్మదర్శినే దిక్కు. పట్టుకు పొలుసులుండవు.

తేలాల్సిందే_ప్రొద్దుటూరు:
ఒప్పుకుంటున్నా, పరీక్ష పద్ధతి బాగుంది. కానీ పక్కు కట్టని, పగలని చర్మం కింద కనిపించే పోగుల మాటేమిటి? దానికి ఎవరూ జవాబు చెప్పడం లేదు. అందరూ పుండు దగ్గరే ఆగిపోతున్నారు.

చర్మం_వార్డు_కర్నూలు:
సరైన ప్రశ్న. దానికి దారి ఉంది. పోగు కనిపిస్తున్న, గోకని చోటే 4 మిల్లీమీటర్ల పంచ్ బయాప్సీ (గుండ్రటి చిన్న చర్మం ముక్క) తీయించాలి. పుండు మీద తీయిస్తే మళ్లీ గోకుడు మార్పులే వస్తాయి, డబ్బు దండగ. చీటీలో "పోగు ఉన్న చోట కోసి, పోలరైజ్డ్ వెలుగులో చూడండి" అని రాయించండి. రాయకపోతే ల్యాబులో మామూలు రంగు వేసి, మామూలుగా చూసి పంపేస్తారు.

ఇంకో పరీక్షకు పెద్ద ఖర్చు లేదు. సెలైన్‌తో శుభ్రం చేసి, పక్కులు మెత్తబరిచి తీసి, పారదర్శక ఫిల్మ్ పట్టీ అంటించాలి. తెరవకుండా రోజూ పైనుంచే చూడాలి. లోపల పుండు మానుతూ కొత్త పోగు రాకపోతే పాతవి బయటివని అర్థం. మూసి ఉన్నా కొత్తవి పుడితే ఆ పట్టీని అలాగే ల్యాబుకు తీసుకెళ్లాలి. చీము ఉంటే మాత్రం పట్టీ వేయకూడదు. మన ఎండల్లో చెమట పట్టి అంచు లేస్తే దూది అక్కడి నుంచే దూరుతుంది. అంచు లేచిన పట్టీని లెక్కలోకి తీసుకోకండి, మూడు రోజులకు మించి ఉంచకండి.

పశువైద్యం_పులివెందుల:
లైమ్ జబ్బు మోసేది ఐక్సోడెస్ జాతి గోమార్లు. మన పశువుల మీద ఎక్కువగా దొరికేవి రిపిసెఫాలస్, హయలోమా రకాలు. కాబట్టి గోమారి కుట్టింది కదా, లైమే అయుంటుందని మనవైపు అనుకోవడం కష్టం. అడవి ప్రాంతాలకు తిరిగొచ్చినవాళ్లయితే ఎలైజా అనే రక్తపరీక్ష చేయించి, అది పాజిటివ్ వస్తే నిర్ధారణకు వెస్టర్న్ బ్లాట్‌కు పంపాలి. ఒక్క ఎలైజా చూసి నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడకండి.

గట్టిగా చెప్పాల్సింది ఇంకోటుంది. పశువుల ఐవర్‌మెక్టిన్ సూదిమందు మనుషులకు వాడకండి. మనిషికి కిలో బరువుకు 200 మైక్రోగ్రాముల లెక్కన మాత్ర, అదీ డాక్టరు రాస్తేనే. పశువుల మందు చిక్కదనం వేరు, అందులో కలిపిన ద్రావకం వేరు.

ఉరవకొండ_సేద్యం:
పశువుల మందు దాకా ఎందుకు, పొలం మందు కొట్టినవాళ్లున్నారు. మంచానికి, దుప్పటికి, ఒంటికి మోనోక్రోటోఫాస్! కంటిపాప సూదిమొనంత అవడం, నోట నురగ, చెమట, వాంతి. అవి కనిపిస్తే బట్టలు విప్పి ఒళ్లంతా సబ్బుతో కడిగి, డబ్బా కూడా తీసుకొని వెంటనే ఆసుపత్రికి.

బోరునీళ్లు_కదిరి:
నీళ్ల సంగతి ఎవరూ ముట్టుకోలేదు. అనంతపురం జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ అందరికీ తెలిసిందే. చర్మం కూడా దానివల్లే పాడవుతోందని నా వాదన.

ల్యాబ్_బల్ల_నంద్యాల:
ఫ్లోరైడ్ పళ్లను, ఎముకలను పట్టుకుంటుంది. పుండ్లు, దారాలు దాని ఖాతాలో వేయకండి.

బోరునీళ్లు_కదిరి:
దారాలనలేదు, దురదన్నాను. సబ్బు నురగే రాని నీళ్లతో స్నానం చేసేవాళ్లను అడిగితే తెలుస్తుంది.

చర్మం_వార్డు_కర్నూలు:
అది ఫ్లోరైడ్ కాదు, కఠినత్వం. నీళ్లలోని సున్నం సబ్బుతో కలిసి జిడ్డు పొరలా చర్మానికి పడుతుంది, చర్మం ఎండిపోతుంది, చలికాలంలో పెద్దవాళ్లకు ఒళ్లంతా దురద. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకే పరిమితం చేయండి. ఒళ్లు తుడిచీ తుడవకముందే, తడి ఉండగానే కొబ్బరి నూనె గానీ పెట్రోలియం జెల్లీ గానీ రాయాలి. ఆరిపోయాక రాస్తే సగం ఫలితమే.

జిన్నింగ్_ఆదోని:
నిజంగా ఒంట్లో గుచ్చుకొని ఉండే పోగుల సంగతి ఎవరూ చెప్పలేదప్పా. తొలకరి తర్వాత వేరుశనగ చేలల్లో ఎర్ర గొంగళిపురుగు వెంట్రుకలు, నల్లమల అంచున దురదగొండి కాయ మీది బంగారు నూగు. ఇవి చర్మంలో దిగుతాయి. రుద్దితే, తడి చేస్తే ఇంకా దిగుతాయి. బంక పట్టీ అంటించి ఒక్క ఊపున పీకల్ల, కొత్త పట్టీతో మళ్లీ మళ్లీ. దురదగొండి దురదకు మామూలు ఎలర్జీ మాత్ర అంతగా పనిచేయదు, నూగు పోతేనే పోతాది.

మందుల_అంగడి_కడప:
గజ్జిని కూడా మరిచారు. వేళ్ల సందులు, మణికట్టు, నడుము, రాత్రి ఎక్కువ, ఇంట్లో ఇంకొకరికీ దురద. పెర్‌మెత్రిన్ 5 శాతం క్రీము మెడ నుంచి అరికాలు దాకా, 8 నుంచి 14 గంటలు, వారానికి మళ్లీ ఒకసారి. ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. పురుగు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది. ఇది తెలియక రోజూ రాస్తారు, క్రీముకే చర్మం మండి పొక్కుతుంది, పురుగు ఇంకా ఉందనుకుంటారు. పురుగు పాకుతోందన్న నమ్మకం చాలామందికి అక్కడే మొదలవుతుంది.

తేలాల్సిందే_ప్రొద్దుటూరు:
మళ్లీ "నమ్మకం" దగ్గరికే వచ్చారు. అగ్గిపెట్టెలో పోగులు పెట్టుకొని వెళితే, పెట్టె తెరవకముందే మనిషి మీద ముద్ర వేసేస్తారు. వైద్య పుస్తకాల్లో ఆ అగ్గిపెట్టెకే ఒక పేరు పెట్టారు. అది న్యాయమా?

చర్మం_వార్డు_కర్నూలు:
న్యాయం కాదు. తెచ్చింది చూడకుండా పంపే డాక్టరు తప్పే చేస్తున్నాడు. దురద నిజం, పుండు నిజం, నిద్ర లేకపోవడం నిజం. మనసు మాట ఎత్తేముందు రక్తం చూడాలి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), బి12, థైరాయిడ్, షుగర్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), కాలేయం పరీక్షలు, హెచ్‌ఐవీ. ఐరన్ తక్కువైనా ఒళ్లంతా దురదే. కిడ్నీ దెబ్బతిన్నా, పసిరికలు లోపల్లోపల ఉన్నా దురదే. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవాళ్లలో బి12 పడిపోతుంది. అది నరాలనూ ఆలోచననూ రెంటినీ తాకుతుంది. పెద్దవాళ్లకు బీపీ మాత్రల్లో అమ్లోడిపిన్ లాంటివి కూడా దురద తెస్తాయి. మాత్రల చీటీ మొత్తం చూపించండి.

ఇవన్నీ బాగుండి, పురుగు ఉందన్న భావన మాత్రం వదలకపోతే తక్కువ మోతాదులో రిస్పెరిడోన్ లాంటి మందు పనిచేస్తుంది. దాన్ని పిచ్చి మందు అని పారేసినవాళ్లు ఏళ్లపాటు గోక్కుంటూనే ఉంటారు.

తేలాల్సిందే_ప్రొద్దుటూరు:
రక్తం చూశాక, బయాప్సీ చేశాక ఆ మాట అంటే వింటాను. చేయకముందు అంటే వినను.

ల్యాబ్_బల్ల_నంద్యాల:
అయితే అగ్గిపెట్టె మానేసి గాజు పలకల మీద తెండి. పారదర్శక టేపుతో చర్మం మీంచి ఎత్తి నేరుగా పలకకు అంటించండి. తేదీ, ఒంటి మీద ఏ చోటు, ఆ రోజు వేసుకున్న బట్ట రంగు రాయండి. అదే టేపుతో దుప్పటి, తువ్వాలు, బనీను మీంచి ఒక్కో పలక. రెండు వరుసలూ పక్కపక్కన పెడితే చూసేవాళ్లు కాదనలేరు.

పాణ్యం_ప్రశ్న:
అందరికీ దండాలు. పిల్లలకు అంటుకుంటుందా అన్నది మాత్రం మిగిలిపోయింది.

మందుల_అంగడి_కడప:
దారాలు అంటుకోవు. గజ్జి, తామర అంటుకుంటాయి. పిల్లల వేళ్ల సందులు, నడుము ఈ రాత్రే చూడండి. తువ్వాళ్లు విడివిడిగా ఉంచండి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి. ఉతకలేనివి గాలి చొరని కవర్లో కట్టి మూడు రోజులకు పైగా పక్కన పెట్టండి.