‘జీ’ విలువ ఇంత వదులుగా ఉంటే గ్రహాల లెక్కలు అంత కచ్చితంగా ఎలా వస్తున్నాయి?

లోలకం:
వస్తువుల మధ్య ఆకర్షణ ఎంతో చెప్పే గురుత్వ స్థిరాంకం జీ 6.67430 × 10⁻¹¹, చివరి రెండంకెల మీద ±15. మిగతా స్థిరాంకాలతో పోలిస్తే కచ్చితత్వంలో ఇది బాగా వెనకబడింది. మరి దీంతో నౌకల్ని అంగారకుడి దాకా ఎలా పంపుతున్నారు? ఇక్కడి జీయే దూరపు గెలాక్సీల్లోనూ ఉంటుందని నమ్మకమేమిటి?

కక్ష్య:
నౌక దారి లెక్కకి జీ విడిగా అక్కర్లేదండీ. జీని ద్రవ్యరాశితో గుణిస్తే వచ్చే లబ్ధం చాలు. భూమికి అది 3.986004418 × 10¹⁴ మీ³/సె². ఉపగ్రహాల కదలిక నుంచి నేరుగా దొరుకుతుంది, తేడా వంద కోట్లలో రెండు వంతులే. దాన్ని జీతో భాగించి భూమి ద్రవ్యరాశి 5.972 × 10²⁴ కిలోలు అన్నప్పుడే జీలోని అనుమానమంతా అందులోకి దిగుతుంది. 1798లో కావెండిష్ ప్రకటించింది కూడా జీ కాదు, భూమి సాంద్రత నీటికి 5.48 రెట్లని.

మెలితీగ:
కొలవడంలో ఉంది తంటా. మెలితీగ తక్కెడలో సన్నని తీగకి కడ్డీ వేలాడుతుంది, దాని రెండు కొసలా చిన్న గుండ్లు, వాటి పక్కన ఒక్కో పెద్ద గుండు; ఆకర్షణకి తీగ మెలితిరుగుతుంది. 40 గ్రాముల గుండు, 1.5 కిలోల గుండు, కేంద్రాల మధ్య 5 సెం.మీ. ఆకర్షణ 1.6 × 10⁻⁹ న్యూటన్లు, అంటే చిన్న గుండు బరువులో సుమారు 25 కోట్లలో ఒక వంతు. పైగా గురుత్వానికి అడ్డుతెర కట్టలేం. పక్కన మనిషి నిలబడినా లెక్కలోకి వస్తాడు.

తీగ గట్టితనాన్ని డోలన కాలం (కడ్డీ ఒకసారి అటూ ఇటూ ఊగడానికి పట్టే సమయం) నుంచి తీయండి. పెద్ద గుండ్లను ఒక పక్క నుంచి రెండో పక్కకి మార్చి, రెండు నిలకడ స్థానాల తేడా తీసుకుంటే సున్నా ఎక్కడుందో తెలియాల్సిన పని లేదు. దూరంలో 0.1 మి.మీ. పొరపడితే జీలో 0.4 శాతం పోయినట్టే. ఎదురు కొసన ఉన్న పెద్ద గుండు కూడా వెనక్కి లాగుతుంది, దాన్ని మరిస్తే జీ తక్కువొస్తుంది. తక్కెడ ఉన్న పెట్టెను ఎర్త్ చేయకపోతే స్థిర విద్యుత్తు మొత్తం మింగేస్తుంది. డోలన కాలం మార్పుతో కొలిచే పద్ధతిలో మరో చిక్కు: తీగ పూర్తిగా స్థితిస్థాపకం కాదు, అందువల్ల జీ కాస్త ఎక్కువ చూపిస్తుంది. దీన్ని భౌతిక శాస్త్రవేత్త కురోడా 1995లో ఎత్తిచూపారు.

2018లో ఒకే చైనా బృందం రెండు పద్ధతుల్లో 6.674184, 6.674484 (× 10⁻¹¹) పొందింది. ఒక్కోదాని అనిశ్చితి పది లక్షల్లో 12 వంతులే, రెండింటి మధ్య తేడా మాత్రం 45 వంతులు.

కక్ష్య:
రెండో ప్రశ్నకి: చంద్రుడి మీది అద్దాలకు లేజర్ కొట్టి చూస్తే జీలో మార్పు ఏడాదికి లక్ష కోట్లలో ఒక వంతు కూడా కనబడలేదు. జంట పల్సార్ల (క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే నక్షత్రాల) కక్ష్యల్లోనూ జీ మారుతున్న జాడ లేదు. గెలాక్సీ అంచు నక్షత్రాల వేగం తగ్గకపోవడాన్ని ‘అక్కడ జీ ఎక్కువేమో’ అని సర్దలేం. జీని ఎంత పెంచినా, కనబడే పదార్థం చాలావరకు లోపలే ఉంటే బయటికి వెళ్లేకొద్దీ వేగం పడిపోవాల్సిందే. అందుకే కృష్ణ పదార్థమో (వెలుగునివ్వని, కనబడని పదార్థం), దూరంతో పాటు సూత్రమే మారడమో కావాలి. నా మొగ్గు మొదటిదానికే.