చిన్న సంస్థలన్నీ కలిసి జిల్లా మండలి పెట్టుకుంటే మాలాంటివాళ్లకి ఒరిగేదేంటి?

నల్లచెరువు ట్యూషన్ (ప్రశ్న):

నమస్కారమండీ. మాది గుంటూరు నల్లచెరువు. మిర్చి యార్డులో, కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసేవాళ్ల పిల్లలకి సాయంత్రం పూట చదువు చెప్తాం. నేనూ, ఇద్దరు డిగ్రీ అమ్మాయిలూ, రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు. సొసైటీగా రిజిస్టర్ అయ్యాం గానీ నిధులంటూ పెద్దగా లేవు. తెలిసినవాళ్లు కొనిచ్చే నోటుపుస్తకాలు, నెలనెలా ఎంతో కొంత పంపే నలుగురైదుగురు, అంతే.

ఫిబ్రవరి వస్తే మాకు కష్టం మొదలు. మిర్చి సీజను ఊపందుకుంటుంది. తల్లులు తొడిమలు తీసే పనికి పొద్దున్నే పోతే చీకటి పడ్డాకే ఇల్లు చేరతారు. చిన్నపిల్లల్ని చూసుకునే బాధ్యత పెద్దపిల్లల మీద పడుతుంది, కొందరైతే తల్లి వెంట పనికే వెళ్తారు. సరిగ్గా పదో తరగతి పరీక్షల ముందు ఈ గొడవ. మనుషులు ఎక్కువ కావాల్సిన ఆ రోజుల్లోనే మా డిగ్రీ అమ్మాయిలు వాళ్ల పరీక్షల్లో మునిగిపోయి ఉంటారు.

ఈమధ్య ఊళ్లో ఒక పెద్దాయన మాలాంటి చిన్న సంస్థలవాళ్లందరినీ కూర్చోబెట్టారు. జిల్లా స్థాయిలో ఒక మండలి పెడదాం, వాలంటీర్లని అది చూస్తుంది, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే సీఎస్‌ఆర్ డబ్బు అది తెస్తుంది, కలెక్టరాఫీసుతో అది మాట్లాడుతుంది అన్నారు. మంచి మాటే. కానీ నా భయం నాది. మా పిల్లల వివరాలు, మా దాతల పేర్లు అన్నీ అక్కడికి చేరాక మేం ఎవరికి గుర్తుంటాం? అసలు ఇలాంటి మండలి ఏం చేయాలి, ఏం చేయకూడదు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, వచ్చే ఆదివారం మళ్లీ మీటింగుంది.

అరండల్‌పేట ఆడిటర్:

మేడం, డబ్బు సంగతి ముందు తేల్చుకోండి, సగం అపోహలు అక్కడే ఉంటాయి.

మండలిని కొత్తగా సొసైటీగా పెడితే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. అది తేలిక. కానీ 'వెంటనే సీఎస్‌ఆర్ తెస్తాం' అని ఎవరన్నా అంటే నమ్మొద్దు. కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి, నిజమే. ఆ డబ్బు బయటి సంస్థ ద్వారా ఖర్చుపెట్టాలంటే మాత్రం ఆ సంస్థకి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ (సంస్థకి పన్ను మినహాయింపు), 80జీ (దాతకి పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్లు ఉండాలి, అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి, సీఎస్‌ఆర్-1 ఫారం నింపి నంబరు తెచ్చుకోవాలి. నిన్న పుట్టిన మండలికి ఆ మూడేళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి?

విదేశీ విరాళాల మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. 2020లో విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) సవరణ వచ్చాక, ఆ డబ్బు అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకి బదిలీ చేయడానికి వీల్లేదు. పైన ఒకరు తెచ్చి కింద పదిమందికి పంచే పాత పద్ధతి అక్కడితో పోయింది.

మండలి వల్ల మీకు నిజంగా మిగిలేది ఖర్చు. ఒక్కో చిన్న సంస్థ విడివిడిగా ఆడిట్, రిటర్నులు, ఏటా రిజిస్ట్రార్‌కి ఇవ్వాల్సిన కమిటీ జాబితా అంటూ తిరిగే బదులు, అందరూ కలిసి ఒక అకౌంటెంటుని పెట్టుకోవచ్చు. నా దగ్గరికి వచ్చే చిన్న సంస్థలవాళ్లు పని బ్రహ్మాండంగా చేస్తారు, ఓచర్లు మాత్రం బియ్యం సంచిలో తెస్తారు. ఆ ఒక్క సాయం అందినా చాలా సంస్థలు బతుకుతాయి. ఇంకో మాట, 2 వేలు దాటిన నగదు విరాళానికి దాతకి 80జీ మినహాయింపు రాదు. ఇది కూడా తెలియక దాతల్ని పోగొట్టుకుంటున్నారు.

పాయకాపురం సీఓ:

అమ్మా, నేను పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మాలో కమ్యూనిటీ ఆర్గనైజరుగా (సీఓ) చేసి రిటైరయ్యాను. విజయవాడలో పాయకాపురం, సింగ్‌నగర్ వైపు డ్వాక్రా గ్రూపులూ, సమాఖ్యలూ అన్నీ నాకు ఇంటిమనుషుల లెక్క. 2024 సెప్టెంబరులో బుడమేరు మా మీదికి వచ్చినప్పుడు చూసింది చెప్తాను. మండలి దేనికో అందులోనే తెలుస్తుంది.

అప్పుడు సాయానికి కొదవ లేదు. గుంటూరు, తెనాలి, మంగళగిరి నుంచి పులిహోర, పెరుగన్నం పొట్లాలు కట్టించుకుని ఆటోల్లో, ట్రాక్టర్లలో వచ్చారు. ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసం అంతమంది రావడం తలుచుకుంటే ఇప్పటికీ నాకు కళ్లు చెమరుస్తాయి. కానీ అందరూ వచ్చి ఆగేది ఒక్కచోటే, సింగ్‌నగర్ ఫ్లైఓవరు దగ్గర. అక్కణ్ణుంచి లోపలికి నీళ్లు. వంతెనకి దగ్గరగా ఉన్నవాళ్లు, నడుము లోతులో నడిచి రాగలిగినవాళ్లు తీసుకున్నారు. కొందరి ఇళ్లకి మూడు సంస్థల పొట్లాలు చేరాయి. లోపల కండ్రిక, వాంబే కాలనీ చివరి వీధుల్లో మేడలెక్కి కూర్చున్నవాళ్లకి మంచినీళ్లు కూడా అందని పూటలున్నాయి. ఏ మేడ మీద బాలింత ఉంది, ఎవరింట్లో మంచంలో ఉన్న పెద్దాయన ఉన్నాడు, ఇవన్నీ ఆ వీధి ఆర్పీకి, అంటే డ్వాక్రా గ్రూపుల్ని చూసుకునే రిసోర్స్ పర్సన్‌కి, నోటికొచ్చు. పొట్లాలు తెచ్చినవాళ్లకి ఆర్పీ అంటే ఎవరో తెలియదు. తెలిసి ఫోన్ చేసినా ఆమె ఫోనులో చార్జింగు లేదు, ఆమె కూడా మేడమీదే ఉంది.

కరెంటున్న ఇంట్లో మేం కొందరం ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. పొడుగు నోటుబుక్కు ఒకటి. వీధి పేరు, అక్కడ మాట్లాడగలిగిన మనిషి, ఏం కావాలి, ఎవరు పట్టుకెళ్తున్నారు, అందిందా లేదా. చివరి గడి నింపకుండా ఆ వరసని కొట్టేయకూడదని పెట్టుకున్నాం. రోజూ సాయంత్రం ఆ పేజీల ఫోటోలు సంస్థలవాళ్ల గ్రూపులో పెట్టేవాళ్లం. ఎవరికీ ఎవరూ ఆర్డర్లు వేయలేదు. ఎక్కడ ఖాళీ ఉందో కనపడితే మనిషి తనంతట తనే అటు వెళ్తాడు. మీ జిల్లా మండలి ఇంకేం చేసినా చేయకపోయినా, ఎవరు ఎక్కడ ఏం చేస్తున్నారో రాసి అందరికీ కనపడేలా పెట్టడం మాత్రం చేయాలి.

నీళ్లు తీశాక అసలు కష్టం వచ్చింది. ఇళ్లనిండా బురద. ఫైరింజన్లు వచ్చి కడిగాయి. గ్రౌండు ఫ్లోరు మునిగిన ఇంటికి 25 వేలు, పైఅంతస్తుల వాళ్లకి 10 వేలు అని ప్రభుత్వం ప్రకటించింది. అప్పటికి పొట్లాలు తెచ్చినవాళ్లు వెళ్లిపోయారు, వాళ్లకీ ఉద్యోగాలున్నాయి కదా. మాకేమో అప్పుడు కావాల్సిన మనుషులు వేరు. తడిసిన కుట్టుమిషను బాగుచేసేవాడు, వైరింగు చూసే ఎలక్ట్రీషియను, స్టవ్ మెకానిక్కు, నష్టం జాబితాలో పేరు రాని అద్దెవాళ్లకి సచివాలయంలో ఇవ్వడానికి అర్జీ రాసిపెట్టేవాళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో అన్ని పనులు తెలిసిన మెకానిక్కులున్నారు, ఒక్క ఆదివారం వస్తారా అని అడగాలి, అంతే. అడగాలంటే ఎవరికి ఏ పని వచ్చు, వారంలో ఏ పూట ఖాళీ, ఎంతదూరం రాగలరు అనేవి ముందే రాసిపెట్టుకుని ఉండాలి. వరద వచ్చాక రాద్దామంటే కుదరదు. వరద లేని సంవత్సరాల్లో మండలికి పని అదే.

మా అత్తగారిది అవనిగడ్డ వైపు. 1977 నవంబరు ఉప్పెన తర్వాత ఒక్కో ఊరిని ఒక్కో సంస్థ తీసుకుని ఇళ్లు కట్టించిన సంగతి ఆమె చెప్తుండేది. బయటివాళ్లు కట్టిచ్చి వెళ్లిపోయాక ఊరివాళ్ల చేతుల్లో ఏ సంఘం మిగిలింది అన్నదే ఆమె అడిగే ప్రశ్న. మెప్మాలో ఉన్నన్నాళ్లూ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మీ మండలిలో ఆ వీధుల ఆడవాళ్లకి, గ్రూపు లీడర్లకి కుర్చీ లేకపోతే అది సంస్థలు తమలో తాము మాట్లాడుకునే చోటుగానే ఉండిపోతుంది.

ఇక మీ భయం. పిల్లల పేర్లు మండలికి ఇవ్వొద్దు. ఏ వీధి, ఏ తరగతి, ఎంతమంది, ఏ సబ్జెక్టుకి మనిషి కావాలి, ఇంతవరకే. దాతల జాబితా అసలే ఇవ్వొద్దు, అడగకూడదని నియమావళిలోనే రాయించండి. మండలి పంపిన వాలంటీరైనా సరే, మీకు తెలిసిన ఇద్దరు అతని గురించి చెప్పాకే పిల్లల దగ్గరికి రానివ్వండి. ఒంటరిగా ఏ పిల్లతోనూ ఉండకూడదు. తేడా ఏదన్నా మీ దృష్టికి వస్తే, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. ఈ సంగతులు చిన్న సంస్థల్లో చెప్పే దిక్కులేదు. ఏడాదికోసారి మండలి అందరినీ కూర్చోబెట్టి నేర్పాలి.

లీడ్స్‌లో తెనాలి అబ్బాయి:

సీఓ మేడం చెప్పినదానికి కొంచెం కలుపుతాను. ఇంగ్లండులో చాలా ఊళ్లలో ఇలాంటి మండళ్లున్నాయి, సీవీఎస్ అంటారు. దేశం మొత్తానికి ఉన్న ఎన్‌సీవీఓ 1919లో మొదలైంది. అప్పట్లో దాని పేరు నేషనల్ కౌన్సిల్ ఆఫ్ సోషల్ సర్వీస్. నేను మా ఊరి సీవీఎస్ ద్వారా వాలంటీరుగా వెళ్తుంటాను, అందుకే చెప్తున్నా.

వాళ్లలో నాకు నచ్చింది, మనిషిని పంపే ముందు పనిని కాగితం మీద పెట్టమంటారు. ఏ రోజు, ఎన్ని గంటలు, ఎవరికి చెప్పాలి, ఎప్పటితో అయిపోతుంది. జీతం ఉండదు గానీ బస్సు చార్జీ ఇస్తారు. పిల్లలతో పనిచేయాలంటే డీబీఎస్ అనే నేరచరిత్ర తనిఖీ ఉంటుంది, వాలంటీర్లకి దానికి ఫీజు లేదు. గుంటూరులో కూడా ఆటో చార్జీ ఇస్తే డిగ్రీ పిల్లలు మానకుండా వస్తారు. చార్జీ అడగడానికి సిగ్గుపడి మానేసినవాళ్లు నాకు తెలుసు.

నచ్చనిది కూడా చెప్పాలి. వీటిలో చాలావాటికి ఖర్చు స్థానిక ప్రభుత్వం నుంచి వస్తుంది. 2010 తర్వాత అక్కడ కోతలు పెట్టినప్పుడు కొన్ని మూతపడ్డాయి, కొన్ని పక్కదాంట్లో కలిశాయి. ఒక్కచోటి డబ్బు మీదే నిలబడితే ఇదే ప్రమాదం.

నంబూరు వైపు ఎన్‌ఎస్‌ఎస్ పీఓ:

నేను కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసరుని. కాలేజీల వైపు చూడండి మేడం. ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీరు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, మామూలుగా ఒక యూనిట్‌లో వందమంది ఉంటారు. మాకు పిల్లలున్నారు, ఏడాది పొడుగునా చేయించదగ్గ పనే దొరకడం లేదు. మొక్కలు నాటించి, ర్యాలీ తీయించి గంటలు రాయడం నాకు బాధగా ఉంటుంది. మీలాంటివాళ్లు జూన్‌లోనే వచ్చి ఫలానా వీధిలో ఫలానా సబ్జెక్టు అని అడిగితే, పరీక్షలు ఒకేసారి పడకుండా మొదటి సంవత్సరం, రెండో సంవత్సరం పిల్లల్ని మార్చి మార్చి పంపగలను. పాతిక సంస్థలు విడివిడిగా వస్తే నాకు కుదరదు. అందరి తరఫునా ఒకరు వస్తే కుదురుతుంది.

నల్లచెరువు ట్యూషన్:

అందరికీ దండాలండీ. పీఓ గారి మాట చదివాక చేరాలనే నిర్ణయానికి వచ్చాను. పిల్లల పేర్లు, దాతల జాబితా అడగకూడదని నియమావళిలో రాస్తేనే సంతకం పెడతానని చెప్తాను. ఒక్క సందేహం ఉంది సీఓ మేడం. ఈ నోటుబుక్కు రాసే మనిషికి జీతం ఎవరివ్వాలి? సేవే కదా, ఉచితంగా చేయాలని పెద్దాయన అంటున్నారు.

పాయకాపురం సీఓ:

ఉచితంగా వద్దమ్మా. వాలంటీర్లని సమన్వయం చేయడం రోజూ ఉండే ఉద్యోగం. ఉచితంగా చేసే మనిషి కూతురి పెళ్లి వస్తే ఆగిపోతుంది, ఆ నెలలోనే మీకు టీచరు కావాలి. ఒక్క మనిషికి సరిపడా జీతం సభ్య సంస్థలన్నీ తలా కొంత వేసుకుని ఇవ్వండి. చిన్న సంస్థకి చిన్న చందా, పెద్దదానికి పెద్ద చందా, ఓటు మాత్రం అందరికీ ఒకటే. సొంత చందాతో నడిస్తే మొదటి మూడేళ్లు సీఎస్‌ఆర్ రాకపోయినా గడుస్తుంది, ఆడిటర్ గారు చెప్పిన అకౌంటెంటు కూడా అందులోనే.

ఇంకో షరతు కూడా అడగండి. సభ్య సంస్థలు చేసే పనిని మండలి తన పేరు మీద మొదలుపెట్టకూడదు. మీ పక్క వీధిలో మండలే ట్యూషను తెరిచి, అదే దాత దగ్గరికి వెళ్తే అప్పుడు మీరు భయపడ్డదే అవుతుంది. బయట రెండుచోట్ల ఇలా జరగడం చూశాను, ఆ తర్వాత సంస్థలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి.

ఆదివారం మీటింగుకి మీ వీధి సమాఖ్య లీడరుని కూడా వెంట తీసుకెళ్లండి. పగలు పెడితే పనికెళ్లేవాళ్లు రాలేరు, రాత్రి ఏడు దాటాక పెట్టమని ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి.