సాగదీస్తే మారే ఉక్కు: ఆస్టెనైట్ ఎంత ఎక్కువ ఉంటే అంత మేలా?

లోహప్రియ:
ట్రిప్ ఉక్కుల (లాగేటప్పుడు లోపలి నిర్మాణం మారి, దానివల్ల మరింత సాగే ఉక్కుల) గురించి ఎక్కడ మాట వచ్చినా ఒకటే వాదన వినిపిస్తోంది. లాగేటప్పుడు ఉక్కులోని ఆస్టెనైట్ అనే మెత్తని స్ఫటిక రూపం మార్టెన్‌సైట్ అనే గట్టి రూపంగా మారి ఉక్కును గట్టిపరుస్తుంది కదా, అలాంటప్పుడు ఆస్టెనైట్ శాతం పెంచుకుంటూ పోతే బలమూ సాగుదలా రెండూ దక్కుతాయని. 1967లో లోహశాస్త్రవేత్తలు జాకే, పార్కర్‌ల బృందం ఈ ప్రభావానికి ట్రిప్ అని పేరు పెట్టినప్పటి నుంచీ ఈ ఆశ ఉంది. నేను ఒప్పుకోను. ఎంత ఉందన్నది కాదు, ఎప్పుడు మారుతుందన్నదే అసలు సంగతి.

దృఢకాయ:
శాతాన్ని అంత తేలిగ్గా తీసిపారేయకండి. మామూలు ట్రిప్ ఉక్కులో సిలికాన్ 1.5 శాతం దాకా ఎందుకు కలుపుతారు? 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిపి ఉంచినప్పుడు సిమెంటైట్ (ఇనుము, కార్బన్‌ల గట్టి సమ్మేళనం) ఏర్పడకుండా అది అడ్డుకుంటుంది. దాంతో కార్బన్ ఆస్టెనైట్‌లోకి చేరి, చల్లబడ్డాక కూడా దాన్ని నిలబెడుతుంది. ఆ శ్రమంతా శాతం కోసమే. మధ్యస్థ మాంగనీస్ ఉక్కుల్లో ఆస్టెనైట్ 20 శాతం దాటుతుంది, వాటి బలం, సాగుదలల లబ్ధం పాత ఉక్కులకు అందనిది. మారడానికి సరుకే లేకపోతే ఎప్పుడు మారినా ఒరిగేదేముంది?

లోహప్రియ:
దృఢకాయ గారూ, నిలబెడుతుందని మీరే అన్నారు, అంటే మీరు చెప్పేదీ స్థిరత్వమే. గట్టిపడే రేటు తగ్గుతూ వచ్చి, ఆ క్షణంలోని నిజ ప్రతిబలంతో (అప్పటికి ఉన్న అడ్డుకోత వైశాల్యం మీద లెక్కగట్టిన బలంతో) సమానమైనప్పుడు నమూనా ఒక్కచోటే సన్నబడటం మొదలవుతుంది. ఆ ఘడియను వెనక్కి నెట్టడమే మార్పు చేసే మేలు. ఉన్న ఆస్టెనైట్ అంతా మొదటి 5 శాతం సాగుదలలోనే మారిపోతే, 15 శాతం దగ్గర ఆదుకునేది ఏదీ మిగలదు. మరీ మొండిదై సన్నబడ్డాక మారితే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఆస్టెనైట్ అయస్కాంతానికి అంటుకోదు, మార్టెన్‌సైట్ అంటుకుంటుంది. 304 రకం స్టెయిన్‌లెస్ ఉక్కు నమూనాను గది ఉష్ణోగ్రతలో బాగా లాగి అయస్కాంతం పెట్టి చూడండి. పట్టుకున్న చివరల దగ్గర అంటీ అంటనట్టుంటుంది, సాగిన నడిమి భాగంలో గట్టిగా అతుక్కుంటుంది. అదే నమూనాను 100 డిగ్రీల దగ్గర లాగితే మార్పు దాదాపు ఉండదు. వేగంగా లాగినా నమూనా తనంతట తానే వేడెక్కి మార్పు మందగిస్తుంది. మొదట్లో ఉన్న ఆస్టెనైట్ శాతం ఒకటే, ప్రవర్తన మాత్రం వేరు. శాతమే అంతా అయితే ఇలా ఎందుకు జరగాలి?

అంచుచూపు:
మీరిద్దరూ లాగుడు పరీక్ష దాటి బయటికి రావడం లేదు. రేకుకు పంచ్‌తో రంధ్రం కొట్టి, దాన్ని శంకువుతో వెడల్పు చేయండి. పంచ్ కోసిన అంచులో ఆస్టెనైట్ అప్పటికే మారిపోయి ఉంటుంది. అలా పుట్టిన మార్టెన్‌సైట్‌లో కార్బన్ సుమారు 1 శాతం, చుట్టూ ఉన్న ఫెర్రైట్ అనే ఇనుప రూపం మెత్తన. ఆ రెండూ కలిసేచోట సూక్ష్మ రంధ్రాలు పుట్టి, కలిసిపోయి పగులుగా మారతాయి. లాగుడు పరీక్షలో ఘనంగా సాగిన ఉక్కు ఇక్కడ తొందరగా చిట్లడం అరుదేమీ కాదు. ఉక్కును పెళుసు చేసే హైడ్రోజన్ సంగతి ఇంకా గట్టిది. ఆస్టెనైట్ దాన్ని ఎక్కువగా కరిగించుకుంటుంది, మార్టెన్‌సైట్‌గా మారగానే అంత హైడ్రోజన్‌ను ఇముడ్చుకోలేదు. అస్థిర ఆస్టెనైట్ ఉన్న రేకుతో లోతుగా సాగదీసిన గిన్నెలు ప్రెస్ నుంచి బాగానే వచ్చి, తర్వాత ఎప్పుడో పగలడం ఈ పరిశ్రమలో తెలిసిన బెడదే.

దృఢకాయ:
అంచు విషయం ఒప్పుకుంటాను. కానీ అది కోత పద్ధతికి సంబంధించిన చిక్కు కూడా. లేజర్‌తోనో మిల్లింగ్‌తోనో అంచు తీస్తే ఫలితం మారుతుంది. గుద్దుకున్నప్పుడు శక్తిని మింగవలసిన భాగానికి ఈ మార్పు ఇచ్చే మేలును, రంధ్రం పరీక్ష చూసి కొట్టేయడం నాకు న్యాయంగా తోచదు.

లోహప్రియ:
కొట్టేయమనడం లేదు. గుద్దుకోవడం అతివేగంగా జరిగే పని, అక్కడ లోహం వేడెక్కుతుంది, ఆ వేడిలో మార్పు ఎంత మిగులుతుందో ముందు తేల్చుకోవాలి. నెమ్మదిగా లాగిన వక్రరేఖ చూపి దాని మీద వాదించడం సరికాదు. ఇకపై ఎవరైనా ఫలితాలు పెడితే, ఆస్టెనైట్ శాతం పక్కనే పరీక్ష ఉష్ణోగ్రత, లాగిన వేగం, అంచు ఎలా కోశారో కూడా రాయండి.