అప్‌డేట్: దసరాకు పిల్లలతో రామప్ప పోయొచ్చినం

పోయిన వారం అడిగిన గుర్తుందా? హైదరాబాద్‌ల నౌకర్లు చేసే బిడ్డ, కొడుకు దసరాకు హన్మకొండకు వస్తున్నరు, ఎటు తీస్కపోవాలె, ఫోన్లు పక్కకు పెడ్తరా అని. చాలామంది రామప్ప గుడి, లక్నవరం చెరువు రెండూ ఒకటే రోజు చూడొచ్చన్నరు.

పండుగ మరునాడు పులిహోర కట్టుకొని ఏడింటికే బయలెల్లినం. రామప్ప కాడ గైడును మాట్లాడుకున్నం, అదే పనికొచ్చింది. 1213ల కాకతీయుల సేనాపతి రేచర్ల రుద్రుడు కట్టించిండట. పునాదిల ఇసుక నింపిండ్రు, శిఖరానికి నీళ్లల్ల తేలే ఇటుకలు వాడిండ్రు అనంగనే మా ఇంజనీరు కొడుకు ఫోను జేబుల పెట్టిండు. బిడ్డేమో ఎత్తు మడమల చెప్పులేసుకున్న మదనిక బొమ్మ కాడికెల్లి కదలదు! 2021ల యునెస్కో గుర్తింపు వచ్చిందని తెలుసు గని, ఇంత దగ్గరుండి నేను కూడా నిదానంగ చూసింది ఇదే మొదటిసారి.

లక్నవరం మాత్రం ఆగమైంది. వేలాడే వంతెన మీద ఇసుకేస్తే రాలని జనం. మా ఆయనకు మోకాళ్ల నొప్పి, ఒడ్డు మీదనే కూసున్నడు. రెండు జాగలు ఒకటే రోజు పెట్టుకోకుండ్రి, పెద్దోళ్లుంటే అసలే వద్దు.

సంక్రాంతికి ఘనపురం కోటగుళ్లు పోదామని బిడ్డే అన్నది. సకినాలు ఎక్కువ చేయాలట.