ల్యాప్‌టాప్ తరచూ ఆగిపోతోంది: లోపం ర్యామ్‌దా, మదర్‌బోర్డుదా?

ప్రశ్న:
నమస్కారం. నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ డీడీఆర్4 రకం ర్యామ్ (తాత్కాలిక మెమరీ) కార్డులు రెండున్నాయి. కొంతకాలంగా బ్రౌజర్‌లో ఎక్కువ ట్యాబులు తెరిచినప్పుడల్లా నీలి తెర మీద ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అనే సందేశం వచ్చి, దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఫలితం లేదు. రిపేరు షాపులో మదర్‌బోర్డు (లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు) మార్చాలంటున్నారు. అంత ఖర్చు పెట్టేముందు నేనే పరీక్షించుకోవచ్చా?

జవాబు 1:
మదర్‌బోర్డు మాట ఇప్పుడే వద్దండి. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ప్లస్ అనే ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ల్యాప్‌టాప్‌ను విండోస్‌తో కాకుండా దానితోనే బూట్ చేసి (మొదలుపెట్టి), రాత్రంతా నడవనివ్వండి. అది విండోస్‌తో సంబంధం లేకుండా నడుస్తుంది కాబట్టి, డ్రైవర్ (పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) లోపాన్ని ర్యామ్ లోపమని పొరబడే అవకాశం ఉండదు. ఒక్క తప్పు చూపించినా తేలికగా తీసుకోకండి. అప్పుడు ఒక్కో కార్డును విడిగా, రెండు స్లాట్లలోనూ మార్చి మార్చి పరీక్షించండి. తప్పులు కార్డు వెంటే వస్తే కార్డు చెడినట్టు, ఏ కార్డు పెట్టినా ఒకే స్లాటులో వస్తే స్లాటునో బోర్డునో అనుమానించాలి.

జవాబు 2:
కార్డు తీసేముందు ఛార్జర్‌తో పాటు లోపలి బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీయండి. పక్క క్లిప్పులను బయటికి జరిపితే కార్డు ఏటవాలుగా లేస్తుంది. బంగారు రంగు అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక, అదే కోణంలో పూర్తిగా దోపి, క్లిక్‌మనే వరకు నొక్కండి. చాలాసార్లు ఇంతటితోనే సరిపోతుంది.

జవాబు 3:
వీటన్నింటికంటే ముందు డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి, ముఖ్యమైన ఫైళ్లను దానితో కాపీ చేసుకోండి. చెడిన ర్యామ్ గుండా వెళ్లిన ఫైలు, పాడైపోయిన రూపంలోనే డిస్కులోకి చేరవచ్చు.