హేవ్‌లాక్‌లో డైవింగ్: నలుగురం, 7 రోజులు, తలకి 45 వేలు. సరిపోతుందా?

కృష్ణలంక_యాత్రి

అందరికీ నమస్కారం. ఫిబ్రవరి రెండో వారంలో విజయవాడ నుంచి అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి స్కూబా డైవింగ్ కోసం వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, తమ్ముడు, మరదలు. ఇంట్లో బయల్దేరి ఇంటికొచ్చేదాకా తలకి 45 వేలు దాటకూడదు. పోర్ట్‌బ్లెయిర్లో దిగింది మొదలు తిరుగు విమానం దాకా 7 రోజులు చేతిలో ఉంటాయి.

అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. తమ్ముడు ఓపెన్ వాటర్ కోర్సు (డైవింగ్ నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే మొదటి కోర్సు) చేస్తానంటున్నాడు, ఈ బడ్జెట్‌లో అవుతుందా? ఆడవాళ్లిద్దరికీ ఈత రాదు, వాళ్లు నీళ్లలోకి దిగొచ్చా? నాకు మైనస్ 4 కళ్లద్దాలు. వైజాగ్ నుంచి ఓడలో వెళ్తే డబ్బు కలిసొస్తుందా? హేవ్‌లాక్‌తో పాటు నీల్ దీవి కూడా పెట్టుకోవాలా?

భీమిలి_తీరం

ముందు ఓడ సంగతి. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) ఓడ రోజూ ఉండదు. ఒకవైపు ప్రయాణానికే రెండున్నర రోజుల దాకా పడుతుంది, తేదీలు కూడా చాలా ముందుగా చెప్పరు. 7 రోజుల సెలవుకి అది కుదరదు, వదిలేయండి. చెన్నై దాకా రాత్రి రైలు, అక్కణ్ణుంచి పొద్దున విమానం. రెండున్నర గంటల లోపే దిగిపోతారు. రెండు మూడు నెలల ముందు టికెట్లు తీస్తే రానూపోనూ 11 నుంచి 14 వేలలో దొరుకుతాయి. సంక్రాంతి, రిపబ్లిక్ డే వారాలు దాటాక వెళ్తున్నారు కాబట్టి మీ తేదీలు మంచివే. సముద్రం జనవరి నుంచి ఏప్రిల్ దాకా నెమ్మదిగా ఉంటుంది. మే మూడో వారం వచ్చేసరికి అక్కడ వానాకాలం మొదలైపోతుంది.

ఇప్పుడు లెక్క. ఈ రేట్లన్నీ ఉజ్జాయింపు, సీజన్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి. విమానం 13 వేలు, చెన్నై రైలు రానూపోనూ 1,500. హేవ్‌లాక్ పడవలు రెండువైపులా కలిపి 2,200. హేవ్‌లాక్‌లో ఏసీ లేని గది ఇద్దరికి 1,800 అనుకుంటే 5 రాత్రులకి తలకి 4,500, పోర్ట్‌బ్లెయిర్లో ఒక రాత్రి 800. తిండి రోజుకి 700 చొప్పున 4,900. ఇద్దరికో స్కూటర్ తీసుకుంటే పెట్రోలుతో కలిపి తలకి 1,000. పడవ మీద వెళ్లి చేసే ట్రై డైవ్ (కోర్సు లేకుండా ఇన్‌స్ట్రక్టర్‌తో ఒకసారి దిగి చూడటం) ఒకటి 5,500. ఆటోలు, చిల్లర ఖర్చులు 2,500. మొత్తం తలకి 36 వేల దగ్గర తేలుతుంది. ముగ్గురికి తలకి ఇంకా 9 వేలు మిగులే.

తమ్ముడి లెక్క వేరు. ఓపెన్ వాటర్ కోర్సు 28 వేల పైమాటే, కాబట్టి ఆయనకి 60 వేలు దగ్గర పెట్టుకోండి. అంత వద్దనుకుంటే పాడీ (PADI, డైవింగ్ కోర్సులు నడిపే సంస్థ)లోనే ‘స్కూబా డైవర్’ అని సగం కోర్సు ఒకటుంది. రెండు సముద్ర డైవ్‌లతో అయిపోతుంది, డైవ్‌మాస్టర్ (దగ్గరుండి నడిపించే ప్రొఫెషనల్ డైవర్) వెంట 12 మీటర్ల దాకా దిగొచ్చు. తర్వాత ఎప్పుడైనా, ఎక్కడైనా మిగతా సగం పూర్తి చేసుకోవచ్చు.

డైవ్ షాపు రేటు దగ్గర మాత్రం బేరం పెట్టకండి. చౌకగా ఇచ్చేవాడు తగ్గించేది నీళ్లలో మీ సమయాన్నీ, మీతో ఉండే మనుషుల్నీ. మిగుల్చుకోవాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. హేవ్‌లాక్‌లో ఊళ్లని, బీచ్‌లని నంబర్లతో పిలుస్తారు. బజారు ఉన్నది 3వ నంబర్, గోవింద్ నగర్. అక్కడ స్థిరపడ్డవాళ్లు ఎక్కువమంది బెంగాలీలు. అన్నం, పప్పు, చేప పులుసుతో భోజనం 150 నుంచి 250లో దొరుకుతుంది. అదే భోజనం రిసార్టులో కూర్చుని తింటే రెండింతలు. గది 3 నుంచి 5వ నంబర్ మధ్యలో తీసుకుంటే డైవ్ షాపులు ఎక్కువగా అక్కడే, నడిచి వెళ్లొచ్చు. సూర్యాస్తమయానికి పేరున్న రాధానగర్ 7వ నంబర్, అది దీవికి అవతలి ఒడ్డు. ఒక సాయంత్రం స్కూటర్ మీద వెళ్లిరండి, గది అక్కడ వద్దు.

పడవల్లో ప్రభుత్వానివి ఫీనిక్స్ బే జెట్టీ నుంచి, ప్రైవేటువి హాడో నుంచి బయల్దేరతాయి. ప్రభుత్వ పడవ చవక, రెండున్నర గంటలు పడుతుంది. బుకింగ్ ప్రయాణానికి కొద్ది రోజుల ముందే తెరుస్తారు, తెరిచిన రోజే అయిపోతుంది. ప్రైవేటుది గంటన్నర, నెలల ముందే బుక్ చేసుకోవచ్చు. వెళ్లేటప్పుడు ప్రైవేటు తీసుకోండి, తేదీ ఖాయంగా ఉంటుంది. వచ్చేటప్పుడు ప్రభుత్వ పడవ దొరికితే అదే మేలు. పైన డెక్ మీద గాలికి నిలబడొచ్చు కాబట్టి వాంతులు తక్కువ. ప్రైవేటు పడవలు ఎక్కువ భాగం మూసేసిన ఏసీ గదుల్లా ఉంటాయి, కడుపు తిప్పేది అక్కడే.

అన్నిటికన్నా ముఖ్యం రోజుల వరస. దిగిన రోజే మధ్యాహ్నం పడవకి హేవ్‌లాక్ చేరండి. డైవింగ్ అంతా 2, 3, 4 రోజుల్లో పెట్టుకోండి. 5వ రోజు ఖాళీగా ఉంచండి. 6వ రోజు పోర్ట్‌బ్లెయిర్ వచ్చేసి, 7వ రోజు విమానం ఎక్కండి. చాలామంది దీన్ని తిరగేసి మొదటి రెండు రోజులు పోర్ట్‌బ్లెయిర్ చూసి, డైవింగ్ చివరికి నెడతారు. అప్పుడు గాలి లేచి పడవ రద్దయితే విమానం పోతుంది, లేదా జలుబు చేస్తే డైవ్ పోతుంది. ఆ ఖాళీ రోజు రెండింటినీ కాపాడుతుంది. సెల్యులార్ జైలు 6వ రోజు మధ్యాహ్నం చూసుకోవచ్చు. నీల్ ఈసారికి వదిలేయండి. ఇంకో పడవ, ఇంకో గది, సగం రోజు సామాన్ల సర్దుడు. డైవింగ్ కోసం వెళ్లేవాళ్లకి ఆ సగం రోజు విలువైనది.

లోతు_18మీ

పైన చెప్పిన రోజుల వరసకి ఇంకో కారణం కూడా ఉంది. ట్యాంకులో ఉండేది ఆక్సిజన్ కాదు, వడగట్టి నొక్కి నింపిన మామూలు గాలి. లోతులో ఆ గాలిలోని నత్రజని ఒంట్లో కరుగుతుంది. విమానం పైకెళ్లాక క్యాబిన్‌లో ఒత్తిడి తగ్గితే అది బుడగలుగా బయటికొస్తుంది, కీళ్లకీ నరాలకీ ప్రమాదం. ఒక్క డైవ్ చేస్తే 12 గంటలు, వరసగా రోజులపాటు చేస్తే 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి. 24 గంటలు పెట్టుకుంటే లెక్కపెట్టుకునే పనే ఉండదు.

ఈత రానివాళ్లు ట్రై డైవ్ చేయొచ్చు. ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి ట్యాంకు పట్టుకునే ఉంటారు, లోతు ఎక్కువలో ఎక్కువ 12 మీటర్లు. ఓపెన్ వాటర్ కోర్సుకి మాత్రం ఈత రావాలి. ఆగకుండా 200 మీటర్లు ఈదడం, 10 నిమిషాలు తేలడం పరీక్షలో ఉంటాయి. వేగం చూడరు. తమ్ముడు గారు ఇప్పటినుంచీ వారానికి మూడు రోజులు కొలనులో దిగితే చాలు. థియరీ ఇంట్లోనే ఆన్‌లైన్‌లో చదివేసుకుంటే దీవిలో దాదాపు ఒక రోజు మిగులుతుంది.

షాపుకి ఫోన్ చేసినప్పుడు ఈ నాలుగూ అడగండి: ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది? నీళ్ల కింద ఎన్ని నిమిషాలు? ఒడ్డు నుంచా, పడవ మీదా? దిగే ముందు లోతు లేని చోట మాస్క్‌లో నీళ్లు తీయడం, రెగ్యులేటర్ (ట్యాంకు గాలి నోటికి అందించే సాధనం) మళ్లీ నోట్లో పెట్టుకోవడం నేర్పుతారా? చివరి దానికి తడబడితే ఇంకో షాపు చూసుకోండి. ‘సర్టిఫికెట్ ఇస్తాం’ అనే మాటకి విలువ లేదు. ట్రై డైవ్‌కి ఇచ్చేది పాల్గొన్నట్టు కాగితమే, దాన్ని చూపిస్తే ఇంకెక్కడా దింపరు.

మొదటిసారి దిగేవాళ్లలో ఎక్కువమంది వెనక్కి వచ్చేది భయంతో కాదు, చెవులతో. 10 మీటర్లు దిగేసరికి ఒత్తిడి రెండింతలవుతుంది, అందులో తేడా బాగా తెలిసేది మొదటి నాలుగైదు మీటర్లలోనే. అందుకే నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. తల మునిగిన వెంటనే ముక్కు పట్టుకుని మెల్లగా ఊదాలి, ఆ తర్వాత ప్రతి అర మీటరుకీ ఒకసారి. చెవి ఒకసారి బిగుసుకుపోతే ఎంత గట్టిగా ఊదినా తెరుచుకోదు, పైగా కర్ణభేరికి దెబ్బ. అప్పుడు ఒక మీటరు పైకొచ్చి మళ్లీ ప్రయత్నించాలి. జలుబుంటే దిగకూడదు. మాత్ర వేసుకుని దిగితే లోతులో ఉండగా దాని బలం తగ్గిపోయి, పైకొచ్చేటప్పుడు గాలి లోపలే చిక్కుకుంటుంది.

ఊపిరి ఎప్పుడూ బిగపట్టకూడదు. 10 మీటర్ల దగ్గర ఊపిరితిత్తుల్లో ఉన్న గాలి పైకి వచ్చేసరికి రెండింతలు వ్యాపిస్తుంది. మిగతావి మర్చిపోయినా ఇదొక్కటి ఇంట్లో నలుగురూ ఒకరికొకరు చెప్పుకోండి.

మాస్క్ సంగతి. మగవాళ్లకి మీసం ఉంటే ముక్కు కింద సిలికాన్ అంచు చర్మానికి అంటుకోదు, నిమిషానికోసారి నీళ్లు చేరతాయి. మీసం మొత్తం తీయక్కర్లేదు, ముక్కుకి ఆనుకున్న పై అంచు ఒక గీతంత సన్నగా గీసుకుంటే చాలు. ఆడవాళ్లు ఆ రోజు తలకి కొబ్బరినూనె పెట్టుకోవద్దు, పట్టీ జారుతుంది. నుదుటి మీద పడే వెంట్రుక ఒక్కటి అంచు కింద ఇరుక్కున్నా నీళ్లు కారతాయి. జడ కిందికి గట్టిగా వేసుకోండి. నీళ్లు చేరితే కంగారు పడొద్దు: తల కొంచెం పైకెత్తి, ఫ్రేము పై అంచుని వేళ్లతో నొక్కి, ముక్కుతో ఊదితే కింద నుంచి పోతాయి.

మీ మైనస్ 4కి పవర్ ఉన్న మాస్కులు కొన్ని షాపుల్లో ఉంటాయి. కానీ ఉన్నవి కొన్నే, ముందే చెప్పి పక్కన పెట్టించండి. లేకపోతే మెత్తని కాంటాక్ట్ లెన్సులు పనికొస్తాయి, మాస్క్‌లో నీళ్లు తీసేటప్పుడు కళ్లు మూసుకోవాలి. గట్టి లెన్సులు వద్దు.

కృష్ణలంక_యాత్రి

చాలా థాంక్స్ అండీ, నీల్ తీసేశాం. ఒక సందేహం: మా ఆవిడకి చిన్నప్పుడు ఆయాసం (ఆస్తమా) ఉండేది, ఇప్పుడు మందులేమీ లేవు. అక్కడ చెప్పాలా, చెబితే దింపరేమో? ఎలిఫెంట్ బీచ్‌కి స్పీడ్‌బోట్ ప్యాకేజీ కూడా చెప్తున్నారు, తీసుకోవచ్చా?

లోతు_18మీ

తప్పకుండా చెప్పాలండీ. దిగే ముందు ఆరోగ్య ప్రశ్నపత్రం ఇస్తారు. ఆయాసం, మూర్ఛ, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ లాంటి వాటిలో ఒక్కదానికి ‘అవును’ అన్నా డాక్టరు సంతకం అడగొచ్చు. గర్భంతో ఉంటే అసలు దిగకూడదు. ఆయాసం ఉన్నవాళ్లకి గాలి ఊపిరితిత్తుల్లో ఒక మూల చిక్కుకుపోయే ప్రమాదం ఉంది, దాచిపెట్టే విషయం కాదు. ఆ ఫారం షాపువాళ్లని అడిగి ఇప్పుడే తెప్పించుకుని, విజయవాడలోనే ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించండి. ఆయన వద్దంటే స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీళ్ల పైనే తేలుతూ కిందికి చూడటం) గురించి కూడా అక్కడే అడిగేయండి. దీవిలో దిగాక డాక్టరు కోసం తిరిగితే సగం రోజు పోతుంది.

జంగ్లీఘాట్_చేపలు

ఎలిఫెంట్ బీచ్ ప్యాకేజీలో ‘ఉచిత స్నార్కెలింగ్’ అంటే రింగు పట్టుకుని లాక్కెళ్లే పది పదిహేను నిమిషాలు. ఆ తర్వాత అద్దం పడవ, జెట్ స్కీ అంటూ ఒక్కొక్కటీ అంటగడతారు. డైవ్ చేసేవాళ్లకి అక్కర్లేదు. డాక్టరు డైవ్ వద్దని స్నార్కెలింగ్‌కి ఒప్పుకుంటే మీ ఆవిడ గారికి మాత్రం బాగుంటుంది. రింగు లాగేవాళ్లకి డబ్బు ఇంకొంచెం ఇచ్చి ఎక్కువసేపు ఉండమని ముందే మాట్లాడుకోండి.

ఆటుపోట్లు చూసుకుని తిరగండి. 3, 5 నంబర్ బీచ్‌ల దగ్గర ఆటు సమయంలో నీళ్లు చాలా దూరం వెనక్కిపోయి చచ్చిన పగడపు రాళ్లు తేలతాయి. అప్పుడు ఈతకి పనికిరావు, కాళ్లు కోసుకుంటాయి. అమావాస్యకి, పౌర్ణమికి ఈ తేడా ఎక్కువ, నీళ్ల కింద లాగుడు కూడా ఎక్కువే. ఆ రోజుల్లో కొత్తవాళ్లని ఎక్కడ దింపుతారో షాపుని అడగండి.

ఉప్పునీటి మొసళ్లు నిజంగానే ఉన్నాయి. 2010లో రాధానగర్ పక్కనున్న నీల్స్ కోవ్ దగ్గర ఒక పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. హెచ్చరిక బోర్డున్న చోట, మడ అడవి వాగు కలిసే చోట, చీకటి పడుతుండగా నీళ్లలో దిగొద్దు. చీకటి కూడా తొందరగానే పడుతుంది. గడియారం మనదే గానీ దీవులు బాగా తూర్పున ఉన్నాయి, ఫిబ్రవరిలో ఐదున్నరకే సూర్యుడు దిగిపోతాడు. అందుకే అక్కడ రోజుని తెల్లవారుజామున 5కి మొదలుపెట్టాలి.

గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకోకండి, ఒడ్డున పడి ఉన్నవి కూడా. పగడాలు 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షితం, తిరిగి వచ్చేటప్పుడు విమానాశ్రయం స్కానర్‌లో కనిపిస్తే సామాను విప్పిస్తారు.

పోర్ట్‌బ్లెయిర్లో శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. జెట్టీ దగ్గర, చేపల బజారులో తెలుగులో అడిగి చూడండి. యూపీఐ చాలాచోట్ల నడుస్తుంది గానీ హేవ్‌లాక్‌లో నెట్‌వర్క్ పోయిన రోజు ఏటీఎంల దగ్గర వరస కడతారు. తలకి 5 వేలు నగదు పోర్ట్‌బ్లెయిర్లోనే తీసుకుని పడవెక్కండి. నలుగురి ఆధార్ ఒరిజినల్ కార్డులూ చేతి సంచిలోనే ఉంచుకోండి, జెట్టీలో టికెట్‌తో పాటు అడుగుతారు.